చెక్కు మీద రెండు సంతకాలు

(దేవరకొండ బస్టాండు దగ్గర చాయ్ హోటల్. ఒకరు రిటైర్డ్ టీచర్. ఇంకొకరు 2019 నుంచి 2024 దాకా ఒక తండాకు సర్పంచ్‌గా చేసినామె. పంచాయతీలకు అధికారాలిస్తే పేదరికం తగ్గుతుందా అన్నది తగువు.)

సారు: తగ్గదమ్మా. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినోళ్లను నువ్వూ చూశావు. ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు తెచ్చింది ఏ పంచాయతీ?

సర్పంచమ్మ: పెద్ద పైపులైను సర్కారుదే సార్, కాదనను. మా వాడలో గేట్‌వాల్వ్ పోతే ఎవరొస్తారు మరి?

సారు: కిందికి పంపిన డబ్బు కిందే మాయమవుతుంది. ఉగాండాలో 1990ల మొదట్లో బడులకిచ్చిన గ్రాంటులో నూటికి 13 వంతులే బడికి చేరాయి. మిగతాది జిల్లా అధికారుల దగ్గరే ఆగింది.

సర్పంచమ్మ: మిగతా సగం కూడా చెప్పండి! ఎంత పంపారో పేపర్లో వేయడం మొదలయ్యాక చాలా మటుకు చేరింది. మా బిడ్డ గ్రూప్స్‌కు చదువుతోంది లెండి. బొలీవియాలో 1994లో పన్నుల్లో ఐదో వంతు మున్సిపాలిటీలకిస్తే, పేద ఊళ్లు బడులకు, నీళ్లకు ఖర్చు పెట్టాయట.

సారు: మనకూ 1993 నుంచి రాజ్యాంగం 73వ సవరణ ఉంది, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. పాలమూరు లేబర్ ముంబై బస్సెక్కడం ఆగిందా?

సర్పంచమ్మ: అంశాలు రాసిచ్చారు, పైసలివ్వలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మా తండా పంచాయతీ అయింది. మేమడిగింది రోడ్డు. పైనుంచి వచ్చింది నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం పేరుతో శ్మశానం. కట్టించాం. చెక్కు మీద నా సంతకం, ఉపసర్పంచ్ సంతకం రెండూ పెట్టినా బిల్లు పాస్ కాలేదు. మెడలో గొలుసు కుదువపెట్టి మేస్త్రీకి కూలి ఇచ్చాను.

సారు: నేననేదీ అదే కదా! అధికారం పేరుతో అప్పు నీ నెత్తిన రుద్దారు.

సర్పంచమ్మ: అది అధికారమైతే కదా సార్! ఏం కట్టాలో వాళ్లు చెప్పారు, అప్పు మేం చేశాం. 2024లో మేం దిగిపోయాక రెండేళ్ల దగ్గరదాకా ఎన్నికలే లేవు. స్పెషల్ ఆఫీసర్ల పాలనలో పేదలు బాగుపడ్డారా?

సారు: (చాయ్ పక్కన పెట్టి) ఉపాధి హామీలో దొంగ మస్టర్లు, అంటే దొంగ హాజరు పట్టీలు, బయటపడింది ఊళ్లోనే లెక్కలు తనిఖీ చేసే సోషల్ ఆడిట్ వల్ల. ఆ టీములను ఊరోళ్లు పెట్టలేదు, రాష్ట్రం పెట్టింది.

సర్పంచమ్మ: లెక్క బయటోళ్లే చూడనీయండి, నాకేం భయం? పని మాత్రం మేం చెప్పాలి.

సారు: ఏ సర్కారు ఒప్పుకుంటుందమ్మా?

సర్పంచమ్మ: కేరళ 1996లోనే ఒప్పుకుంది. ప్లాన్ నిధుల్లో మూడో వంతుకు పైనే కిందికి ఇచ్చింది.

సారు: వాళ్ల చదువులు వేరు.

సర్పంచమ్మ: బిల్లు ఎక్కడ ఆగిందో తెలుసుకునేంత చదువు మాకూ ఉంది సార్.