మహారాజశ్రీ ఆదివారం పీడీఎఫ్ గారికి

మహారాజశ్రీ వీకెండ్ టెస్ట్ మార్కుల పీడీఎఫ్ గారికి, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ కుర్రాడొకడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలం ప్రస్తుతానికి మీవైపే ఉంది.

మొన్న ఆదివారం తెనాలిలో మా పెదనాన్నగారి అమ్మాయి నిశ్చితార్థానికి తమరు విచ్చేసినందుకు సంతోషం. మిమ్మల్ని ఎవరూ పిలవలేదు. అయినా రెండో బంతి కూర్చుని, ఆకులో పూర్ణాలు పడి, గుత్తివంకాయ కూర నా దాకా వచ్చే వేళ చూసుకుని మరీ వచ్చారు. నాన్న జేబులో టింగుమన్నారు, అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో టింగుమన్నారు, ఎదురు వరుసలో బాబాయ్ జేబులోనూ టింగుమన్నారు. బాబాయ్ కొడుకుదీ మా కాలేజీయే కదా. ఒక్కరే మూడు చోట్ల ఒకేసారి ప్రత్యక్షం కావడం పురాణాల్లో విన్నాను, ఆకు ముందు కూర్చుని చూడటం అదే మొదలు.

నాన్న కుడి చెయ్యి ముద్దపప్పులో ఉంది. ఎడమ చేత్తో ఫోన్ తీసి బొటనవేలితో పైకి తోస్తున్నారు. తోస్తున్నారు. ఇంకా తోస్తూనే ఉన్నారు. ఆ వేలు ఎంతసేపు ఆడితే ఆ వారం నాకు అంత మూడిందని మా ఇంట్లో పనిచేసే సుబ్బమ్మత్తకి కూడా తెలుసు. 142 మందిలో 117 దగ్గర ఆగింది. నాన్న ఏమీ అనలేదు. ఫోన్ ఆకు పక్కన బోర్లా పెట్టి, పప్పు కలపడం మానేశారు. తిడితే బాగుండేది.

"మావాడు తొమ్మిది. ఈసారి తగ్గాడు వెధవ" అన్నారు బాబాయ్, ఇంకో వంకాయ వేయించుకుంటూ.

తరువాత ఫోన్ చేతులు మారింది. పెదనాన్న కళ్ళజోడు తెప్పించుకున్నారు. అమ్మ రెండు వేళ్ళతో మీ ఒళ్ళు సాగదీసి నా వరుసను పెద్దది చేసింది, చిన్నగా ఉంటే మార్కులు తక్కువ కనిపిస్తున్నాయేమో అన్నట్టు. పెళ్ళికొడుకు మేనమామ గారికి నా పేరేమిటో అప్పటికి ఎవరూ చెప్పలేదు. ర్యాంకుతో పరిచయమైపోయాను. ఆయన నావైపు జాలిగా చూసి, "ఫోన్ తగ్గించాలి బాబూ. ఈ రీల్సే పిల్లల్ని పాడు చేస్తున్నాయి" అన్నారు. ఆ ముక్క అంటున్నప్పుడు ఆయన ఫోన్ నీళ్ళ సీసాకు ఆనించి ఉంది. అందులో ఎవరో బిర్యానీ దమ్ పెడుతున్నారు, ఫుల్ సౌండ్‌లో. నా దగ్గరున్నది నాన్న పాత కీప్యాడ్ ఫోన్. దాంట్లో ఉన్న ఒకే ఒక్క వినోదం పాము ఆట, అదీ 4 నంబరు పనిచెయ్యదు గనక పాము ఎడమవైపు తిరగదు.

సరే, అసలు సంగతికి వస్తాను. పోయిన వారం నాకు 78 వచ్చాయి, ర్యాంకు 104. ఈ వారం 92 వచ్చాయి, ర్యాంకు 117. తమరు మార్కులు పెరిగిన సంగతి ఒక మూల పెట్టి ర్యాంకుకు ఎర్ర బాణం గీశారు. 300కి 92 గొప్ప కాదని నాకూ తెలుసు. ఫిజిక్స్‌లో ఎనిమిది కరెక్టు, 32. తెలియని పన్నెండింటికి ధైర్యం చేశాను, 12 పోయి 20 మిగిలింది. జేఈఈ లెక్క అంతే, నాలుగు ఇచ్చిన చేత్తోనే ఒకటి పీకుతుంది. ఆ ధైర్యం చెయ్యకపోతే సెంచరీ దాటేవాణ్ణి. కానీ ఆ ఎనిమిదిలో మూడు రొటేషన్ లెక్కలున్నాయి. దొర్లే గోళం, ఏటవాలు బల్ల. ఫస్టియర్ నుంచి నన్ను ఏడిపించిన చాప్టర్. గురువారం రాత్రి పదకొండున్నరకు మొదటిసారి అర్థమైంది, ఎవరూ చెప్పకుండా. మంచం మీద సీసా మూత దొర్లించుకుంటూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మీలో పదకొండు గడులున్నాయి, లెక్కపెట్టాను. అది రాసే గడి లేదు. పేపర్ తేలిగ్గా వచ్చి అందరికీ పెరిగాయని రాసే గడి కూడా లేదు. పెరిగినవాడు దిగజారినట్టు కనిపించే విద్య మీకొక్కరికే వచ్చు.

తమరితో పాటు తిరిగే పరివారం మీద కూడా ఫిర్యాదులున్నాయి. పొద్దున్నే మా చుట్టాల గ్రూపులో వచ్చే గులాబీల శుభోదయం, ఎనిమిదింటికి రెండు నిమిషాలు ఆలస్యమైతే నాన్నకు వెళ్ళే ఆబ్సెంట్ మెసేజ్, రోజుకు పద్నాలుగు గంటలు చదువుతున్నట్టు వీడియో తీసుకునే అన్నయ్య. (పద్నాలుగు గంటలు చదివితే ఎడిటింగ్ ఎప్పుడు చేశాడు?) వాళ్ళకి విడిగా రాస్తాను.

ఇప్పుడు ఒక్క ఇంటి సంగతి చెబుతాను. మీరు వెళ్ళే ఇళ్ళలో అదీ ఒకటి, మీకు గుర్తుండదు.

నా బెంచీలో కూర్చునే వాడొకడున్నాడు. వాళ్ళమ్మ బ్లౌజులు కుడుతుంది. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. మీరు రాగానే ఫోన్ పట్టుకుని వీధి చివర మెడికల్ షాపుకి వెళుతుంది. "మావాడిది ఎక్కడుందో చూసి పెట్టు నాయనా" అంటుంది. షాపు కుర్రాడు మర్యాదస్తుడు. కిందనుంచి చూస్తే ఆవిడ బాధపడుతుందని పైనుంచి మొదలుపెడతాడు. ఒకటో పేజీ, రెండో పేజీ, మూడో పేజీ. కౌంటర్ దగ్గర జనం చూస్తుంటారు. ఆవిడ కొంగు నలుపుకుంటూ నిలబడుతుంది. ఈ ఆదివారం ఆ కుర్రాడు చిట్టచివరి వరుస దాకా వెళ్ళాడు. 142. ఎందుకంటే శనివారం వాడికి 102 జ్వరం, పరీక్షకే రాలేదు. మీ భాషలో ఆబ్సెంట్ అంటే సున్నా, సున్నా అంటే ఎరుపు. జ్వరం సంగతి వాళ్ళమ్మకి తెలుసు, తడిగుడ్డ వేసిందే ఆవిడ. అయినా ఆ షాపు ముందు, అంతమందిలో, ఆ ఎర్రగీత దగ్గర ఏం చెప్పుకుంటుంది? ఎవరికి చెప్పుకుంటుంది?

నీకు సిగ్గు లేదా? పదిహేడేళ్ళవాడి జ్వరాన్ని ర్యాంకు చేసి ఊరంతా పంచడానికి నువ్వెవరు? వాడి మార్కులు వాడికి చెప్పు. వాళ్ళమ్మకి చెప్పు. బాబాయ్‌కి ఎందుకు? పెళ్ళికొడుకు మేనమామకి ఎందుకు?

క్షమించాలి. తమరు పెద్దలు, 'నువ్వు' అన్నాను.

గవర్నమెంటే నయమండీ. 2025 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు మన మిత్ర అనే ఏపీ గవర్నమెంటు వాట్సాప్‌లో ఇచ్చారు. హాల్‌టికెట్ నంబరు కొడితే ఆ ఒక్కరివే వచ్చాయి, పక్కింటివాళ్ళవి వెంటబడి రాలేదు. కోచింగ్ సెంటర్లు పెట్టే పరీక్షల ఫలితాలు బయటపెట్టకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలోనే మార్గదర్శకాల్లో రాసింది. విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చి హాస్టల్లో ఉంటూ ప్రాణం పోగొట్టుకున్న పదిహేడేళ్ళ అమ్మాయి కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంత వరకు మానుకోవాలని అందులో ఉంది. ఆ తీర్పు కూడా పీడీఎఫ్పే. మీకు వరసకు అన్నగారవుతారు. కానీ ఆయన మా గ్రూపులోకి ఇంతవరకు రాలేదు.

నాన్నతో పెట్టిద్దామనుకున్నాను. మీ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ నోరెత్తలేరట. దండం బొమ్మ మాత్రం పెట్టొచ్చు. మొన్న మీ కింద 63 దండాలున్నాయి. అందులో ఒకటి మా నాన్నది. పప్పన్నం వదిలేసి లేచాక పెట్టినట్టున్నారు.

ఇక ఒకటి దాచలేను. ఆ రాత్రి తెనాలి నుంచి తిరిగొచ్చాక అమ్మ ఫోన్ తీసుకున్నాను. డౌట్ చూసుకోవాలని చెప్పాను. (ఒంటిగంట దాకా రీల్స్ చూశాను, మేనమామ గారికి చెప్పకండి.) అంతకుముందు మిమ్మల్ని తెరిచాను. నా పేరు వెతుక్కున్నాను. అది ఇంకా 117 దగ్గరే ఉంది. తరువాత ప్రతి వారం చేసే పనే చేశాను. నా కింద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాను. ఇరవై అయిదు మంది. కాస్త ఊపిరాడింది. ఇరవై అయిదో పేరు వాడిది. వాడు కూడా లెక్కలోకి వచ్చాకే ఊపిరాడింది.

సోమవారం వాడు రాలేదు. మంగళవారం వచ్చాడు. జ్వరం తగ్గిందా అన్నాను, తగ్గిందిరా అన్నాడు. మీ సంగతి ఇద్దరం ఎత్తలేదు. రొటేషన్ లెక్క ఒకటి చెప్పమన్నాడు. సీసా మూత తీశాను.

వచ్చే ఆదివారం మా ఇంట్లో చుట్టాలెవరూ లేరు, బంతిభోజనాలూ లేవు. అయినా రాక తమరికి తప్పదు కనుక ఒక మనవి. పెరుగన్నం అయ్యేదాకా ఆగండి. నాన్నకి బీపీ మాత్ర ఉంది, ఖాళీ కడుపుతో వేసుకోకూడదు.

ఇట్లు,
వరుస సంఖ్య 117