కర్బ్ రాయిగారికి వ్రాయునది ఏమనగా

మహారాజశ్రీ కర్బ్ రాయిగారి సముఖమునకు,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే. కానీ ఉభయుల్లో ఎవరూ కుశలంగా లేరు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మీరెవరో హైదరాబాద్‌లో సగంమందికి తెలియదు. డివైడర్ అంటే తెలుసు. ఫుట్‌పాత్ అంటే బజ్జీల బండి ఉండే చోటని తెలుసు. ఆ రెండింటి అంచునా వరసగా పాతిన సిమెంటు దిమ్మెలు మీరేనని, మీకూ ఒక పేరు, ఒక కొలత, ఒక ఉద్యోగం ఉన్నాయని చెబితే నవ్వుతారు. "రాయికి ఉద్యోగమేంటండీ?" అంటారు. నిజానికి మీది చిన్న ఉద్యోగమేం కాదు. చక్రాన్ని ఆపాలి, కానీ చక్రం పాడవకూడదు. వాననీటిని అంచువెంట నడిపించి డ్రైనేజీ నోట్లో పొయ్యాలి. నడిచేవాడు మీమీదుగా పైకి ఎక్కగలగాలి, బైకువాడు ఎక్కలేకపోవాలి. జీతం లేదు, సెలవు లేదు. ప్రమోషన్ మాత్రం అప్పుడప్పుడూ ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

సివిల్ ఇంజినీరింగ్ పుస్తకాలు తిరగేస్తే మీలో మూడు జాతులు కనిపిస్తాయి. పది సెంటీమీటర్ల ఎత్తున్నవారు మెత్తని మనుషులు, అవసరపడితే బండిని ఎక్కి పోనిస్తారు. పదిహేను సెంటీమీటర్లవారు మామూలుగా ఎక్కనివ్వరు, ప్రాణాలమీదికి వస్తే కాదనరు. ఇరవై సెంటీమీటర్లవారు ససేమిరా అంటారు. వంతెనలమీద, జనం కిక్కిరిసి నడిచే చోట వీళ్లుండాలట. నడిచేవాళ్లకోసం, రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించి ఇచ్చిన మార్గదర్శకాలైతే ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదని తేల్చేశాయి. హైదరాబాద్‌లో మాత్రం మీది నాలుగో జాతి. కాంట్రాక్టరుగారి దగ్గర ఆ పూట ఏ అచ్చు ఉంటే అంత ఎత్తు.

పోనీ పాతిన రోజునైనా పదిహేను ఉన్నారనుకుందాం. ఆ పదిహేనూ మీకు మిగలదు. రోడ్డు పాడైతే పాత తారు గీకేసి, తీసినంత మందమే కొత్తది వెయ్యాలి. దానికి మిల్లింగ్ మెషీన్ అని ఒకటుంటుంది. అది మా వీధులవైపు రావడం అరుదు. దిబ్బరొట్టె మీద దిబ్బరొట్టె పోసినట్టు ఉన్నదానిమీదే ఇంకో పొర వేసి రోలరు తిప్పుతారు. ఒక్కో పొర మూడు నాలుగు సెంటీమీటర్లు. మూడు ఎన్నికలు గడిచేసరికి పదిహేను సెంటీమీటర్ల రాయిగారు అయిదు సెంటీమీటర్లకి దిగిపోతారు. అప్పుడెవరో ఇంజినీరుగారు వచ్చి చూసి, "ఇక్కడ కర్బ్ లేదే!" అని ఆశ్చర్యపోతారు. మీ తలమీదే కొత్త రాయి పెట్టిస్తారు. ఆ రాయికి సరిపడా ఫుట్‌పాత్ లేపుతారు. మళ్లీ తారు వస్తుంది. రోడ్డు పైకి, ఫుట్‌పాత్ ఇంకా పైకి. మధ్యలో పాత కాలనీల ఇళ్లు గోతిలోకి. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వరండాలోకి వెళ్లే ఇళ్లలో ఇప్పుడు గేటు తీసి రెండడుగులు కిందకి దిగాలి. వానాకాలంలో నీళ్లు కూడా ఆ దారినే దిగుతాయి. వాటికి చుట్టరికం ఎక్కువ.

అందుకే ఒకే రోడ్డుమీద మీరు ఒకచోట చీలమండ కింద ఉంటారు, నాలుగు షాపులు దాటేసరికి మోకాలి దాకా ఉంటారు. మోకాలెత్తు ఉన్నచోట మీవల్ల ఒక ఉపకారం ఉందని ఒప్పుకోవాలి. అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు గ్రూప్స్‌కి చదివే పిల్లలు టీ గ్లాసు పట్టుకుని కూర్చోవడానికి మీరు సరిగ్గా సరిపోతారు. ఉద్యోగాల్లో స్థానికుల వాటా సంగతి చెప్పే రాజ్యాంగ 371డి అధికరణం మీద అక్కడ జరిగినంత చర్చ ఏ సెమినార్ హాల్లోనూ జరిగి ఉండదు. కానీ కారు తలుపుకి మీ ఎత్తు తెలియదు. తలుపు తెరవగానే దాని కింది అంచు మీకు తగిలి గీసుకుపోతుంది. ఆ కిర్రుమనే చప్పుడు వింటే ఈఎంఐ ఇంకా మిగిలి ఉన్నవాడికి పళ్లు జివ్వుమంటాయి.

టైర్ల సంగతి ఇంకో కథ. మా పక్క పోర్షన్ ఆయన కారుని మీ పక్కన పార్క్ చెయ్యబోయి ముందు చక్రాన్ని మీ మూలకి కొట్టాడు. గట్టిగా కూడా కాదు. రెండో రోజు టైరు పక్కభాగంలో బొబ్బ లేచింది. పంక్చర్ షాపు కుర్రాడు దాన్ని వేలితో నొక్కి చూసి, "అన్నా, ఇది అతుకు పడది. టైర్ మార్చుడే" అన్నాడు. ఎందుకు పడదంటే, టైరు రబ్బరు లోపల దారాల పొర ఉంటుంది. పదునైన అంచుకి చక్రం కొట్టుకున్నప్పుడు, ఆ పక్కభాగం రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి దారాలు తెగిపోతాయి. తెగినచోట గాలి రబ్బరుని బయటికి తోస్తుంది. ప్యాచ్ వేసేది నేలని తాకే భాగానికే, పక్కభాగానికి కాదు. గాలి తక్కువున్నా, టైరు పక్కభాగం సన్నగా ఉండి అల్లాయ్ చక్రం పెద్దదైనా దెబ్బ ఇంకా ఎక్కువ. అంచుని కాస్త ఏటవాలుగా చెక్కి, మూలని గుండ్రంగా మలిస్తే ఇందులో చాలాభాగం తప్పుతుంది. అచ్చులోనే చెయ్యొచ్చు, పైసా ఖర్చు పెరగదు. కానీ మన దగ్గర అచ్చునుంచి మీరు కత్తి అంచుతో పుడతారు. లారీలోంచి దింపేటప్పుడు మూల విరుగుతుంది, విరిగిన మూల ఇంకా పదునుగా తేలుతుంది. (ఇంకో విడ్డూరం. ఈ ఊరు నిలబడిందే 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ మీద. ఆ రాళ్లని పేల్చి విల్లాలు కట్టుకుని, రోడ్డు అంచుకి మాత్రం రెండు వానలకే పొడి రాలే సిమెంటు దిమ్మె తెచ్చుకున్నాం.)

మీ విదేశీ చుట్టం గురించి విన్నారా? జర్మనీలో కాసెల్ అనే ఊరుంది. 1990ల్లో అక్కడ బస్టాపులకోసం మీ జాతివాడినే కొత్తగా మలిచారు. ముఖం నిట్టనిలువుగా కాకుండా లోపలికి వంపు తిప్పారు, ఒళ్లు నున్నగా చేశారు. బస్సు టైరు ఆ వంపుకి ఆనుకుని, తన దారి తానే సరిచేసుకుంటూ జారుతుంది. టైరు కోసుకుపోదు. డ్రైవరుకి అంచు దగ్గరికి రావడానికి భయం ఉండదు. బస్సు గుమ్మానికీ బస్టాపు అంచుకీ మధ్య సందు చాలా తగ్గిపోతుంది, కాళ్లనొప్పుల ముసలాయన కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేస్తాడు. ఇక్కడ మా సిటీ బస్సు మీకు రెండు లైన్ల దూరంలో, రోడ్డు నడిమధ్యన ఆగుతుంది. మీ దగ్గరికొస్తే టైరు పోతుందన్న భయం కొంత, అక్కడ ఆటోలు చోటివ్వవన్న నిజం చాలా. ముసలాయన రోడ్డుమీద పరిగెత్తుతూ ఎక్కాలి. వెనక ఉన్న బండ్లన్నీ హారన్లతో ఆయనకి వీడ్కోలు చెబుతాయి.

హారన్ మాట వచ్చింది కాబట్టి చప్పుడు సంగతి చూద్దాం. టైరు చప్పుడు పుట్టేది నేలకి ఆనుకునే. అందుకే చక్రానికి దగ్గరగా ఉన్న చిన్న అడ్డం కూడా దూరాన ఉన్న పెద్ద గోడ చేసే పని కొంత చేస్తుంది. నెదర్లాండ్స్‌లో రోడ్డు అంచున గాడులున్న కాంక్రీటు దిమ్మెలు నేలమట్టంగా పరిచారు. వాటిమీదుగా పోయేటప్పుడు చప్పుడు పైకి వంగిపోతుంది, పక్కింటి కిటికీకి తక్కువ చేరుతుంది. ఇది తెలిసి నాకూ ఆశ పుట్టింది. కానీ కారు టైరు చప్పుడు ఇంజను చప్పుడుని మించాలంటే గంటకి 30, 40 కిలోమీటర్ల వేగమైనా ఉండాలి. సాయంత్రం ఆరు గంటలకి అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి ఆ వేగంతో పోయేది మెట్రో రైలొక్కటే. కాబట్టి ఆ గాడుల దిమ్మెలు అవుటర్ రింగ్ రోడ్డుకో, పీవీ ఎక్స్‌ప్రెస్ వే పక్కనున్న ఇళ్లకో పనికొస్తాయి. ఊళ్లో మనల్ని చంపే చప్పుడు టైరుది కాదు, హారన్ నొక్కే బొటనవేలిది.

అలాగని మీరు తప్పించుకోలేరు. ఆ బొటనవేలి వెనక మీ చెయ్యి ఉంది. మీ కింద నీళ్లు పోవాల్సిన కన్నాలు ప్లాస్టిక్ కవర్లతో పూడిపోతాయి. చిన్న వానకే ఎడమవైపు లైన్లో మడుగు నిలుస్తుంది. మడుగు కింద గొయ్యి ఉందో లేదో తెలియక అందరూ కుడివైపు లాగుతారు. మూడు లైన్లు ఒకటిన్నర అవుతాయి. ఇక మోత మొదలు. మీరు కుంగిపోయిన చోట బైకులు ఫుట్‌పాత్ ఎక్కుతాయి, ఎక్కి వెనకనుంచి మనకే హారన్ కొడతాయి. ఫుట్‌పాత్ మీద నడుస్తున్నందుకు మనమే "సారీ బ్రదర్" అని పక్కకి జరుగుతాం. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా 50, 40. చప్పుడు కొలిచే యంత్రాలు 2011లో దేశంలో మొదట ఏడు నగరాల్లో పెడితే అందులో మన ఊరూ ఉంది. యంత్రాలు కొలుస్తున్నాయి, మనం కొడుతున్నాం. ఎవరికి వారే యమునా తీరే.

మీ ముందు షాపులవాళ్లు కట్టే సిమెంటు వాలు గురించి కూడా చెప్పాలి. బండి లోపలికి తెచ్చుకోవడానికి ఎవరికి వారు రోడ్డుమీదికి ఒక దిబ్బ పోసుకుంటారు. నీళ్ల దారి అక్కడితో బంద్. ఆ దిబ్బ నున్నగా, నిక్కచ్చిగా ఉంటుంది, ఎందుకంటే అది సొంత డబ్బు. చక్రాల కుర్చీలో వచ్చే మనిషికి కావాల్సిన వాలు మాత్రం ఎవరూ కట్టరు. దాని లెక్క ఎత్తు ఒకటికి పొడవు పన్నెండు. మీరు పదిహేను సెంటీమీటర్లుంటే వాలు పొడవు 1.8 మీటర్లు రావాలి. ముప్ఫై ఉంటే 3.6 మీటర్లు. అంత చోటు ఉంటే అక్కడ ఇంకో మొబైల్ షాపు పెట్టేవాళ్లం కదా!

ఇక మీ ప్రమోషన్. అదే, రంగు. నలుపు తెలుపు చారలు రాత్రిపూట డ్రైవరుకి అంచు కనబడటానికి. మన దగ్గర అవి కారులో వెనకసీట్లో కూర్చున్న పెద్దమనిషికి కనబడటానికి. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకి ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు ఈ నగరం రోడ్లకి ఎంత హడావుడిగా ముస్తాబు జరిగిందో అందరూ చూశారు. ఇప్పటికీ ఎవరైనా వస్తున్నారంటే ముందు మాకు తెలిసేది పేపరువల్ల కాదు, మీ ఒంటిమీది తడి పెయింటు వల్ల. విరిగిన మూలకీ రంగే, పక్కన అంటుకున్న ఎండుటాకుకీ రంగే. సిమెంటు ఊడి కడ్డీ బయటపడితే దానిక్కూడా ఒక చార. మూడో రంగు, ఎరుపు, పాన్ నమిలే ప్రజలు ఉచితంగా వేస్తారు.

కాబట్టి రాయిగారూ, నా విన్నపాలు చిన్నవి. మీరు ఎంత ఎత్తు ఉండాలో ఒక మనిషి, ఒక్కసారి, టేపు పెట్టి కొలిచి చెప్పాలి. తారు వేసేవాళ్లు, రాయి పాతేవాళ్లు, కేబుల్‌కోసం తవ్వేవాళ్లు ఆ కొలత కాగితం చూడాలి. మీ పై మూల కాస్త గుండ్రంగా ఉండాలి. బస్టాపుల దగ్గరైనా ఆ కాసెల్ చుట్టాన్ని ఒకసారి పిలిపించుకోండి, వీసా ఇబ్బంది ఉండదు, అచ్చు ఒక్కటి వస్తే చాలు. మీ కింది కన్నాలు వానకి ముందు శుభ్రం చేయించాలి, వాన పడ్డాక ఫొటో దిగడానికి కాదు. ఈ పనులన్నిటికీ వేరువేరు ఆఫీసులున్నాయని, ఒకరి ఫైలు ఇంకొకరి బల్లమీదికి పోదని నాకూ తెలుసు. అందుకే వాళ్లకి రాయకుండా మీకు రాశాను. మీరైతే కనీసం ఉన్నచోటే ఉంటారు.

ఇట్లు,
మీకు ఆరడుగుల దూరంలో, రెండో అంతస్తులో, కిటికీ మూసుకుని ఫ్యాన్ కింద కూర్చున్న ఒక ఆస్తిపన్ను చెల్లింపుదారు

తా.క. రేపు రాత్రి మా వీధికి తారు వేస్తారట. "మిల్లింగ్ మెషీన్ వస్తుందా?" అని సూపర్‌వైజర్‌ని అడిగాను. "అదెందుకు సార్, ఉన్నదానిమీదే గట్టిగా వేస్తాం, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. వీలైతే తమరు ఈ రాత్రికే నాలుగు సెంటీమీటర్లు పైకి జరగ ప్రార్థన.