బరువు తగ్గించే క్లినిక్‌లకు ‘గవర్నమెంటు గ్యారంటీ’ ఉందన్న ప్రచారం నిజం కాదు

శ్రీకాకుళం, ఆమదాలవలస, పలాస ప్రాంతాల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. బరువు తగ్గించే ప్రైవేటు క్లినిక్‌లు ప్రభుత్వ లైసెన్సుతోనే నడుస్తాయి కాబట్టి అక్కడి వైద్యానికి గవర్నమెంటు గ్యారంటీ ఉన్నట్టేనని, నెలకు పది కిలోలు తగ్గడం ఖాయమని, ఇంజెక్షన్‌కు ముందు పరీక్షలేవీ అక్కర్లేదని, మూడు నెలలు వాడి మానేసినా మళ్లీ బరువు పెరగదని అందులో రాశారు. కట్టిన ప్యాకేజీ సొమ్ము తిరిగి ఇవ్వబడదన్న హెచ్చరిక చివరి వరుసలో ఉంది. స్థూలకాయం నిజంగా జబ్బే, దానికిప్పుడు పనిచేసే మందులూ వచ్చాయి. సరైన డాక్టరు చేతుల్లో మేలు చేసే ఆ వైద్యం గురించి ఇన్ని తప్పుడు మాటలు ఊరూరా తిరగడం ప్రమాదకరం కనుక వీటికి జవాబు చెప్పాలి.

మొదటిది లైసెన్సు మాట. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రులు, క్లినిక్‌లు 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్, నియంత్రణ చట్టం కింద నమోదు కావాలి. జిల్లాలో ఆ పని వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయం ద్వారా జరుగుతుంది, రిజిస్ట్రేషన్ అయిదేళ్లకు ఇస్తారు. అందులో చూసేది భవనం, సిబ్బంది అర్హతలు, పరికరాలు, వ్యర్థాల పారవేత వంటివే తప్ప, ఫలానా ప్యాకేజీ వల్ల ఎవరికైనా బరువు తగ్గిందా లేదా అన్నది కాదు. పైగా గోడకు ఫ్రేము కట్టి తగిలించిన కాగితాలన్నీ ఈ రిజిస్ట్రేషన్ కావు. మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు వ్యాపారానికి సంబంధించినది. ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ పని నడిపే పద్ధతికి ఇచ్చేది. క్లినిక్‌లో అమ్మే పౌడరు డబ్బా మీద ఉండే పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు అది ఆహారమని చెబుతుందే గాని, మందుగా పనిచేస్తుందని చెప్పదు. వైద్య నాణ్యతను పరిశీలించి ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉంది కాని, అది కోరుకున్న సంస్థలు తీసుకునేదే.

నెలకు పది కిలోల హామీని ఆ మందుల మీద జరిగిన పరిశోధనలే కొట్టివేస్తున్నాయి. బరువు తగ్గించే ఇంజెక్షన్ మందు సెమాగ్లూటైడ్ మీద 1,961 మందితో జరిగి 2021లో ప్రచురితమైన పరిశోధనలో 68 వారాలకు సగటున తగ్గినది శరీర బరువులో 14.9 శాతం. తొంభై కిలోల మనిషికి అది సుమారు పదమూడు కిలోలు, అదీ ఏడాది దాటి మరో మూడు నెలలు వాడాక. మొదటి నాలుగు వారాలు ఇచ్చేది 0.25 మిల్లీగ్రాముల అతి తక్కువ మోతాదు. అది ఒంటికి మందు అలవాటు చేయడానికే. ఇక స్థూలకాయాన్ని నయం చేస్తామని మందు పేరుతో ప్రకటన ఇవ్వడమే 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నిషిద్ధం, ఆ చట్టం షెడ్యూలులోని జబ్బుల్లో స్థూలకాయం ఉంది.

పరీక్షలు అక్కర్లేదన్న మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది, అందులోనూ మన జిల్లాలో. ఈ ఇంజెక్షన్లతో వికారం, వాంతులు, విరేచనాలు తరచుగా వస్తాయి. వాటి వల్ల ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినవచ్చని తయారీ కంపెనీలే మందుతో ఇచ్చే కాగితంలో హెచ్చరించాయి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్ల గడప తొక్కింది. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత వచ్చిందన్న ప్రశ్న అక్కడ కుశల ప్రశ్నలలో ఒకటైపోయింది. జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఈనాటికీ తేలలేదు, మొదటి దశలో లక్షణాలూ కనిపించవు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించవలసి వచ్చిందంటే తీవ్రత ఎంతో తెలుస్తుంది. అలాంటి చోట క్రియాటినిన్ కూడా చూడకుండా, ఎండాకాలం జీడితోటలో పనికి వెళ్లే మనిషికి ఈ సూది వేయడాన్ని వైద్యమని ఎలా అంటాం? కుటుంబంలో మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారికి, గర్భిణులకు ఈ మందు ఇవ్వకూడదు, గతంలో పాంక్రియాస్ (క్లోమం) వాపు వచ్చినవారి విషయంలో ఎంతో ఆలోచించాలి. అడగందే ఇవేవీ తెలియవు.

మా బంధువొకావిడ తెచ్చి చూపిన రసీదు ఇక్కడ చెప్పుకోవాలి. గులాబీ రంగు అక్షరాల్లో క్లినిక్ పేరు, దాని కింద ‘స్లిమ్ ప్యాకేజీ, ఇంజెక్షన్లు 4, క్యాప్సూల్స్ 60’ అన్న ఒకే వరుస, పక్కన సొమ్ము. మందు పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు లేవు. క్యాప్సూళ్లు లేబులు లేని తెల్ల డబ్బాలో ఉన్నాయి, అడిగితే మూలికలన్నారట. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని తేలిన సిబుట్రమిన్ అనే బరువు తగ్గించే మందును మన దేశం 2011లో నిషేధించింది. మూలికల పేరుతో అమ్మిన బరువు తగ్గించే మాత్రల్లో అదే మందు కలిపి ఉన్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పదేపదే బయటపెట్టింది. ఆ రసీదు మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కూడా లేదు. మందుల చీటీ మీద, రసీదు మీద ఆ నంబరు వేయాలన్నది 2002 నాటి వైద్య నైతిక నియమావళిలోని నిబంధన. నంబరు ఉంటే మెడికల్ కౌన్సిల్ జాబితాలో ఆ డాక్టరు పేరు ఎవరైనా సరిచూసుకోవచ్చు.

మూడు నెలల తరువాత మానేయవచ్చన్న మాటకు పైన చెప్పిన సెమాగ్లూటైడ్ పరిశోధన కొనసాగింపే జవాబు. మందు ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు సగటున తిరిగి వచ్చింది. ఎంతకాలం వాడాలి, నెలకు ఎంత ఖర్చు అన్నవి చేరకముందే చెప్పని చోట చేరకూడదు.

సొమ్ము తిరిగి రాదని రాసినంత మాత్రాన హక్కు పోదు. సొమ్ము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు ఇచ్చింది. రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని పైన చెప్పిన వైద్య నైతిక నియమావళి చెబుతోంది, కనుక ముందు వాటిని రాతపూర్వకంగా అడగాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే అక్కడ రుసుము లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి.