పోర్తోలో ఆవిడ ఎవరు?

వచ్చే నెల పోర్చుగల్ వెళ్తున్నాను. పోర్తోలో ఒక పెద్దావిడని కలవాలి. మమ్మల్ని కలిపింది పోస్ట్‌క్రాసింగ్ అనే సైట్. 2005లో పోర్చుగల్‌లోనే ఒక విద్యార్థి మొదలుపెట్టాడు దాన్ని. ముక్కూమొహం తెలియనివాళ్లకి మనం పోస్టుకార్డు పంపితే, ఇంకెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు మనకి పంపుతారు. ఆవిడా నేనూ అలా మొదలై, మెయిళ్లలోకి దిగి, ఆరేళ్లయింది. ఈ సంగతి ఆదివారం భోజనాల దగ్గర నోరు జారాను. మా మావయ్య బ్యాంకులో రిటైరయ్యారు. సంతకం తేడాగా ఉందని సొంత బావమరిది చెక్కునే వెనక్కి పంపిన మనిషి.

మావయ్య: ఆరేళ్లు రాసుకున్నారు, సరే. ఆవిడ ఆవిడేనని నీకెలా తెలుసు?

నేను: చేతిరాత తెలుసు మావయ్యా. ఏడంకె నడుం మీద అడ్డగీత పెడుతుంది. మణికట్టు విరిగినప్పుడు ఎడమచేత్తో రాసి పంపింది, చిన్నపిల్లల రాతలా ఉంది ఆ కార్డు.

మావయ్య: చేతిరాత గురించి నాకు చెప్తున్నావా? ఫోర్జరీ సంతకం అసలుదానికన్నా అందంగా ఉంటుందమ్మడూ. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం మర్చిపోయావా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని మన కుర్రాళ్లని తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, ఆడపిల్లల పేర్లతో చాటింగ్ చేయించారు. అవతల కబుర్లు చెప్పే అమ్మాయి మన గాజువాక కుర్రాడే కావచ్చు, వాడి ఖర్మ వాడిది. అది వదిలెయ్. కొలంబియాలో మెడెయిన్ అని ఒక ఊరుంది. 2023 చివరి రెండు నెలల్లో అక్కడ ఎనిమిది మంది అమెరికన్లు అనుమానాస్పదంగా చనిపోయారు. వాటిలో కొన్నిటికి డేటింగ్ యాప్ పరిచయాలతో సంబంధం ఉందని వాళ్ల ఎంబసీయే హెచ్చరిక ఇచ్చింది.

నేను: ఆ హెచ్చరిక నేనూ చదివాను. అందులో ఎవరినీ కలవొద్దని లేదు. నలుగురూ తిరిగే చోట కలవండి, ఇంటికో హోటల్ గదికో వెళ్లకండి, ఎక్కడికెళ్తున్నారో ఎవరికైనా చెప్పండి అని ఉంది. నేను చేస్తోంది అదేగా! సావ్ బెంతు రైల్వేస్టేషన్ హాల్లో, పగలు పదకొండింటికి. ఆ గోడలకి ఇరవై వేల దాకా బొమ్మల పలకలున్నాయి, నీలంవే ఎక్కువ. వాటిని చూడ్డానికే జనం వస్తారు. ఆవిడ నన్ను ఇంట్లోనే దిగమంది. అలా దిగితే వీసా కాగితాల్లో ఆవిడ హామీ పత్రం పెట్టాలి, అదీ రాసిస్తానంది. తన ప్రభుత్వానికే సంతకం పెట్టి ఇస్తానన్న మోసగత్తెని మీరెక్కడైనా చూశారా? అయినా నేనే వద్దని హోటల్ బుక్ చేసుకున్నాను. కంబోడియా ముఠాలకి కావాల్సింది డబ్బు. ఆరేళ్లలో ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే, కొబ్బరి పచ్చడి ఎలా చేస్తారని. మూడు వారాలకి చేరే పోస్టుకార్డుతో వల వేసే దొంగ ఎవడండీ?

మావయ్య: ఓపికున్న దొంగ. మూడేళ్లు లోను వాయిదాలు ఒక్కరోజు తప్పకుండా కట్టి, మేనేజరుగారి ఇంటికి మామిడిపళ్లు పంపి, నాలుగో ఏడు పెద్ద లోను తీసుకుని ఊరొదిలేసినవాణ్ణి చూశాను. ఆ మేనేజర్ని నేనే.

(ఈ మామిడిపళ్ల సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. దానికి నా దగ్గర జవాబూ లేదు. అందుకే పక్కకి తప్పుకున్నాను.)

నేను: మరి వదినకి డాలస్ సంబంధం మీరెక్కడ పట్టుకొచ్చారు? మ్యాట్రిమొనీ సైట్లోనేగా! పెళ్లికి ముందు అన్నయ్యని చూసింది రెండు వీడియో కాల్స్‌లో.

మావయ్య: దానికీ దీనికీ పోలికా? అమలాపురంలో వాళ్లింటి పక్కనే మా కొలీగు ఉన్నాడు. ఆ కుర్రాడి చిన్నప్పటి అల్లరితో సహా చెప్పాడు. నీ పోర్చుగల్ ఆవిడ ఇంటి పక్కన మనవాళ్లెవరున్నారు?

నేను: ఎవరూ లేరు.

ఇక్కడ మా అమ్మ వంటింట్లోంచి, ఆవిడకి ఆవకాయతో పాటు నెయ్యి సీసా కూడా పెడతానంది. మనం పాల సరుకు పట్టుకెళ్తే యూరప్‌లోకి రానివ్వరని నేనన్నాను. కరగబెట్టాక నెయ్యి పాల సరుకెలా అవుతుందని మావయ్య పట్టుకున్నారు. పావుగంట అదే గొడవ. పెరుగు చల్లారిపోయిందని కూడా ఎవరో అన్నారు, అంత గందరగోళం.

మావయ్య: సరే, నెయ్యి మానెయ్. ఒక్కసారి ఆవిడకి వీడియో కాల్ చెయ్యి, మొహం చూస్తాను.

నేను: ఆవిడకి ఇష్టం ఉండదు మావయ్యా. ఎప్పుడూ మాట్లాడలేదు.

మావయ్య: పోనీ ఫోటో చూపించు.

నేను: పంపుకోలేదు. నాదీ ఆవిడకి తెలియదు.

మావయ్య: మొహమే తెలియనప్పుడు అంత జనంలో ఎలా గుర్తుపడతావే?

నేను: నేను మొట్టమొదట పంపిన కొండపల్లి బొమ్మల కార్డు చేత్తో పట్టుకుని నిలబడతానంది.

మావయ్య: ఆ కార్డు ఎవరైనా పట్టుకుని నిలబడొచ్చు కదే!