బూట్ క్యాంప్ గారికి, వాటా పోయిన ఒక మ్యాక్ ఓనరు రాయునది

మ్యాక్‌లో విండోస్‌కీ చోటిచ్చిన ఆపిల్ వారి సాఫ్ట్‌వేర్, మహారాజశ్రీ బూట్ క్యాంప్ గారికి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, మీరు లేని లోటు తప్ప.

ఇంటెల్ మ్యాక్‌లో విండోస్ ఎక్స్‌పీ ఎక్కించి చూపినవాళ్లకు 2006 మార్చిలో 13 వేల డాలర్ల పైచిలుకు బహుమతి దక్కింది. మరుసటి నెలే మీరొచ్చి అదే పని ఉచితంగా చేసిపెట్టారు. డిస్కును అన్నదమ్ముల వాటాల్లా పంచి, మధ్య గీత ఎక్కడుండాలో మమ్మల్నే జరుపుకోమన్నారు. ఆన్ చేస్తూ ఆప్షన్ మీట నొక్కిపడితే రెండు గుమ్మాలు కనిపించేవి. పోటీవాడికి సగం ఇల్లు రాసిచ్చి, డ్రైవర్లు (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్లు) కూడా పెట్టి పంపిన మర్యాద మీది.

2020 నవంబరులో మ్యాక్‌లలోకి ఇంటెల్ బదులు ఆర్మ్ రకం ఎం1 చిప్ వచ్చింది. మీరు వెళ్లిపోయారు. ఆర్మ్ విండోస్ ఉంది కదా అంటే, అది మైక్రోసాఫ్ట్ ఇష్టమంది ఆపిల్. మ్యాక్ లోపలే విండోస్‌ని నడిపే ప్యారలల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడుపుకోండని మైక్రోసాఫ్ట్ అధికారికంగా తలూపేసరికి 2023 ఫిబ్రవరి. సగం వాటాదారు ఇప్పుడు పేరుకు తగ్గట్టే ఒక కిటికీలో కూర్చున్నాడు.

కూర్చోనీ, పని జరిగితే చాలనుకున్నా. మొన్నొక టెండరుకి డీఎస్సీ పెట్టాల్సి వచ్చింది. (టీచర్ పోస్టులది కాదండీ, డిజిటల్ సంతకం.) ఆ సైటుకి విండోసే కావాలి. ఆ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ గుచ్చగానే లైటు వెలిగింది. ఇది మ్యాక్‌కా, విండోస్‌కా అని తెర మీద ప్రశ్న. విండోస్‌కే అన్నా. అది తీసుకుంది, అటూ ఇటూ తిప్పి చూసింది, ఎవరో తెలియదంది. ఇంటెల్ ప్రోగ్రాములైతే ఆర్మ్ విండోస్ అనువదించుకుని నడిపేస్తుందట. డ్రైవర్లకు ఆ అనువాదం లేదు, ఆర్మ్ కోసమే రాసుండాలి. టోకెన్‌తో వచ్చిన డ్రైవరేమో ఇంటెల్‌ది. గడువు సాయంత్రం ఐదు. అప్పుడు మూడున్నర.

అటక మీంచి పాత ఇంటెల్ మ్యాక్ దించాను. బ్యాటరీ ఉబ్బి మూత సరిగా పడట్లేదు, అయినా ఛార్జర్ పెట్టి ఆప్షన్ నొక్కా. రెండు గుమ్మాలూ కనిపించాయండీ!

ఇట్లు,
మీ పాత వాటాదారు

తా.క. విండోస్ వైపు పాస్‌వర్డ్ ఏం పెట్టుకున్నానో మీకేమైనా గుర్తుందా?