షోరూంలో ల్యాప్‌టాప్ పక్కన నిలబడే చీటీ గారికి

మహారాజశ్రీ స్పెసిఫికేషన్ చీటీ గారికి, పర్లాకిమిడి నుంచి ఒక పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట మేము క్షేమం. తమరు కూడా నిన్న బరంపురం షోరూంలో ఏసీ కింద ప్లాస్టిక్ స్టాండులో దర్జాగా కనిపించారు గనక క్షేమమే అనుకుంటాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఈ గ్రాంథికం నాకు ఇంతకన్నా సాగదు, మామూలుగానే మాట్లాడుకుందాం.

తమరి మీద ఉన్నవన్నీ చదివానండీ. ప్రాసెసర్ పేరు, జనరేషన్, 16 జీబీ ర్యాం, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, విండోస్ 11, బ్యాగు ఫ్రీ, మౌస్ ఫ్రీ, ఈఎంఐ నెలకింత. ఆ స్క్రీన్ రంగులు ఎంతవరకు చూపిస్తుందో మాత్రం ఒక్క ముక్క లేదు. అన్నీ ఉన్నాయి గానీ అయిదోతనమే లేదన్నట్టుంది తమరి వాలకం.

పోనీ మనిషిని అడుగుదామని అక్కడున్న కుర్రాణ్ణి అడిగా, ఇది ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్లకీ ఫొటోలకీ వాడే మామూలు రంగుల లెక్క) ఎంత పర్సెంట్ బాబూ అని. "ఆర్‌జీబీ ఉంది భాయినా" అని కీబోర్డు మీద ఏదో నొక్కాడు, కీస్ కింద ఎర్ర లైట్లూ పచ్చ లైట్లూ పరిగెత్తాయి. కీబోర్డు కాదు నాయనా స్క్రీను అంటే "ఫుల్ హెచ్‌డీ భాయినా, సూపర్ ఉంటది" అని యూట్యూబ్‌లో చిలకల వీడియో పెట్టాడు. వాణ్ణి ఏమనగలం, వాడు చదువుకున్న పుస్తకం తమరే కదా, తమరి మీద లేనిది వాడి నోట్లోకి ఎలా వస్తుంది. చివరికి అక్కడే స్టూలు మీద కూర్చుని ఒక్కో మోడల్ నంబరూ ఫోన్‌లో కొట్టి వెతికితే ఎక్కడో అడుగున బుల్లి అక్షరాల్లో దొరికింది, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. పక్కదీ అంతే, దాని పక్కదీ అంతే. మధ్యాహ్నం మొత్తం దానికే పోయింది, గుణుపురం బండి కూడా పోయింది.

45 అంటే ఏటో తమరికి తెలియదేమో, చెప్తా. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953లో అమెరికా వాళ్ళు కలర్ టీవీకి పెట్టుకున్న లెక్క. అందులో సుమారు 72 శాతం ఉంటే ఎస్‌ఆర్‌జీబీ మొత్తం వచ్చినట్టు, మా ఆల్బం ల్యాబ్ వాళ్ళు అడిగే జేపెగ్గులు ఆ ఎస్‌ఆర్‌జీబీవే. 45 అంటే అందులో అరవై చిల్లర శాతం. మిగతాది ఆ తెర చూపించలేదు, ఎక్కువగా దెబ్బ తినేది ఎరుపు.

ఎరుపు పోయాక పెళ్ళి ఫొటోలో ఇంకేటి మిగిలింది? కుంకుమ ఎరుపు, పారాణి ఎరుపు, మధుపర్కం అంచు ఎరుపు, మా దగ్గర ఒక ఇల్లు తెలుగైతే పక్కిల్లు ఒడియా, ఒడియా పెళ్ళికూతురైతే నుదుటి దగ్గర్నుంచి పాదాల అల్తా దాకా ఎరుపే. తమరు కూర్చున్న ఊరే పట్టుచీరల ఊరండీ బాబూ! ఆ బరంపురం పట్టు చీర తమరి స్క్రీన్ మీద ఇటుకపొడి రంగులో ఉంటుంది. ఎడిట్ చేసేవాడు ఏం చేస్తాడు, శాచురేషన్ (రంగు చిక్కదనం) స్లైడర్ లాగుతాడు, చాల్లేదని ఇంకాస్త లాగుతాడు, అప్పుడు స్క్రీన్ మీద చీర చీరలా ఉంటుంది. ఆల్బం ప్రింటయి వచ్చేసరికి మడతల్లేవు, అంచు మీద కుంభాల్లేవు, ఒకటే ఎర్రటి ముద్ద, పసుపు రాసిన పిల్ల మొహం కామెర్ల మొహం అయిపోయి ఉంటుంది. పైగా ఆడపెళ్ళివారు ఆ ఫొటోలు చూసేది అమోలెడ్ ఫోన్‌లో. పాతికవేల ఫోన్ చూపించే రంగు డెబ్బైవేల ల్యాప్‌టాప్ చూపించదు, ఆ సంగతి నువ్వు చెప్పవు. అవును, నువ్వనే అంటున్నా, మర్యాద అయిపోయింది.

మ్యాక్ కొనుక్కోవచ్చుగా అంటావు. దాని స్క్రీన్‌కి దండం, పీ3 (ఎస్‌ఆర్‌జీబీ కన్నా పెద్ద రంగుల లెక్క) ఉన్న మోడళ్ళకి ఆ మాట దాచకుండా రాస్తారు. వాటి ధరేమో ఎక్కువ, ర్యాం తర్వాత పెంచుదామంటే కుదరదు, వీడియో వాళ్ళు తెచ్చే విండోస్ పద్ధతి (ఎన్‌టీఎఫ్‌ఎస్) డిస్కులు చదువుతుంది గానీ వేరే సాఫ్ట్‌వేర్ వేస్తే తప్ప వాటిలో రాయదు. అదీ ఓర్చుకుంటా. ఏళ్ళ తరబడి పోగేసిన పీఎస్‌డీలన్నీ (ఫొటోషాప్ ఫైళ్ళు) తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు, రెండూ యూనికోడ్ కాని పాత పద్ధతివే, విండోస్‌లో అలవాటైన చేతులు, వాటినేం చెయ్యను? యూనికోడ్‌కి మారదామంటే పాత ఫొటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ (మన ఒత్తులు సరిగ్గా కూర్చే సెట్టింగు) పెట్టడం మర్చిపోయిన రోజున పెళ్ళికొడుకు పేరులో ఒత్తు ఊడి పక్కన పడుతుంది. లినక్స్ ఫ్రీ, డార్క్‌టేబుల్ అనే ఎడిటర్‌లో కెమెరా రా ఫైళ్ళు బ్రహ్మాండంగా వస్తాయి, కాకపోతే ఫొటోషాప్ లేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేశారు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేని మెషీన్లని 11 అధికారికంగా గుమ్మం ఎక్కనివ్వదు, అందుకేగా నాలాంటోళ్ళు నీ ముందు నిలబడ్డం.

అసలు ఏ సిస్టం గొప్పదని ఎంత కొట్టుకున్నా అది కనబడేది ఆ తెర మీదే కదా. లినక్స్ వేస్తే 45 కాస్తా 70 అవదు. కాలిబ్రేటర్ పెట్టి చూసినా అంతే, ఉన్న రంగుని సరిచేస్తుంది, లేని ఎరుపుని ఎక్కణ్ణుంచి తెస్తుంది? బ్యాగు ఫ్రీ అని రాయడానికి చోటుంది, ఒక అంకె రాయడానికి లేదా నీకు? మర్చిపోయి రాయలేదంటే నమ్మడానికి నేనేం చంటిపిల్లాణ్ణి కాను. వంద శాతం ఉన్న మోడల్ పక్కన అయితే పెద్దక్షరాల్లో, బంగారు స్టిక్కర్ మీద రాస్తావుగా!

ఆ స్టిక్కర్ ఉన్నదానికి నా డబ్బు చాల్లేదు. మాఘమాసం ముహూర్తాలు నెత్తి మీదున్నాయి, నీ 45 శాతందే కొంటాను, దానికి టేబుల్ మీద వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ ఒకటి వేరే కొని తగిలిస్తాను. మరి టేబుల్ దగ్గరే కూర్చుని చేసేదానికి ల్యాప్‌టాప్ ఎందుకురా అని మా ఇంట్లో అడుగుతున్నారు, వచ్చి నువ్వే చెప్పు.

ఇట్లు,
ఆ ఫ్రీ బ్యాగు కూడా వదలకుండా తెచ్చుకోబోయేవాడు