గంటల మీటరు గారికి హాజరు పట్టీ విషయమై మనవి

కళింగపట్నం.

అయ్యా మీటరు గారూ,

ఇంజను పక్కన గాజు వెనక కొలువుదీరి, అది ఎన్ని గంటలు తిరిగిందో దశాంశంతో సహా లెక్క చెప్పే మీ ఠీవి చూసి మా తెరచాప పడవ బాగోగులన్నీ మీ చేతిలో పెట్టాను. అక్కడే బోల్తా పడ్డాను. పడవ కాదు, నేను.

ఆయిలు 100 గంటలకోసారి లేదా ఏడాదికోసారి, ఏది ముందైతే అప్పుడు మార్చాలని ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. నేను ‘లేదా’ దగ్గరే పుస్తకం మూసేశాను. ఏడాదిన్నర గడిచినా మీరు 38 దాటలేదు. ఇంకా 62 చేతిలో ఉన్నాయని మురిసిపోయాను. ఆ 38లోనూ 9 దొంగ హాజరే! తాళం తిప్పి మరచిపోయిన రాత్రి ఇంజను చల్లగా పడుకుంటే, తాళానికే తీగ కలిపి ఉన్న తమరు బ్యాటరీ తాగుతూ డ్యూటీ వేసుకున్నారు. ఏ మస్టరు గుమాస్తా అయినా మీకు శిష్యరికం చేయాల్సిందే.

వంశధార సముద్రంలో కలిసే మొగ దాటేవరకే ఇంజను, ఆపైన గాలి. చాప ఎత్తిన రోజంతా మీ లెక్కలో సున్నా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధమున్న 61 రోజులూ పడవ ఏట్లో లంగరు మీదే ఉంది. మీరు సెలవులో ఉన్నారు. తుప్పుకు ఎరగా బిగించిన జింకు ముక్క మాత్రం ఉప్పునీటిలో రోజూ కరిగింది. ఇంజనుకు చల్లనీరు తోడే పంపులో రబ్బరు రెక్కలు ఒకే వైపు వంగి, అలాగే బిగుసుకుపోయాయి.

జూలైలో మొగలోకి తిరిగి వస్తుంటే ఆ రెక్కలు తెగాయి. ఇంజనును చల్లబరిచి పొగగొట్టం నుంచి రావలసిన నీరు రాలేదు. ఇంజను ఆవిర్లు కక్కుతుంటే తమరు నిబ్బరంగా 38.3ను 38.4 చేసుకున్నారు! చాప ఎత్తి ఎలాగో ఒడ్డు చేరాం.

విజయనగరం నుంచి మా బావ వచ్చి మిమ్మల్ని ఒకసారి చూసి, “అంకె బాగానే ఉంది, తేదీ ఏదోయ్?” అన్నాడు. ఆయన మోటారుకు సంక్రాంతికి ఆయిలు, పైడితల్లి సిరిమానోత్సవం అయ్యాక పంపులో రబ్బరు రెక్కల చక్రం మారుస్తాడు. పసుపు మరకల నోటుపుస్తకంలో అంతే రాసి ఉంటుంది. ఇన్నాళ్లూ నవ్వేవాడిని.

ఇకపై అలాంటిదే ఒకటి మీ పక్కన వేలాడుతుంది. మీ అంకె ఒక గడిలో, తేదీ మరో గడిలో. మీ తీగను తాళం నుంచి విప్పి, ఇంజను తిరిగితేనే పనిచేసే ఆయిల్ ప్రెషర్ స్విచ్చికి కలపమని మెకానిక్‌కు చెప్పాను. ఆదివారం వస్తాడు. పని జరిగేంతసేపు బ్యాటరీ తీసేస్తాడట, సెలవు చీటీ రాసిపెట్టుకోండి.

ఇట్లు,
62 గంటలను నమ్ముకున్న పడవ యజమాని